ఎనిమిదో బిట్టు ఎవరిది? షెల్ షార్ట్‌కట్ల వెనక కథ

లైనక్స్ షెల్‌లో కీబోర్డు షార్ట్‌కట్లు మనకు నచ్చినట్టు ఎట్లా మార్చుకోవాలి అని చాలామంది అడుగుతా ఉంటారు. మార్చుకోవడం పది నిమిషాల పని. కానీ ఆ షార్ట్‌కట్లు అట్లానే ఎందుకు ఉన్నాయి, వాటి మధ్యలో మన తెలుగు అక్షరం ఎట్లా ఇరుక్కుంది అనేది అరవై ఏళ్ళ కథ. ఈరోజు ఆ కథ చెప్పుకుందాం. మార్చుకునే పద్ధతి దారిలో అదే వస్తుంది.

తిరుపతిలో కూర్చుని ఈ నల్ల తెర గురించి ఎందుకు అంటారా? ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ ఉన్నాయి, రెండూ 2015లో మొదలైనవి. గాదంకిలో 1024 యాంటెన్నాలతో ఎంఎస్‌టీ రాడార్ ఉంది. లెక్కలతో వాతావరణాన్ని అంచనా వేసే పెద్ద ప్రోగ్రాములు ప్రపంచంలో ఎక్కడ నడిపినా దాదాపు షెల్ నుంచే నడుపుతారు. సరే, వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. నేను వేరే ఒకరిని మనసులో పెట్టుకుని మాట్లాడతా ఉన్నా. తిరుమల సంకీర్తన భాండారంలో దొరికిన రాగిరేకుల నుంచి అన్నమయ్య కీర్తనలు వెలికి తీసి అచ్చు వేయించడానికి వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు ఏళ్ళకేళ్ళు పని చేశారు. పన్నెండు వేలకు పైగా కీర్తనలు మనకు మిగిలాయి. వాటిని టెక్స్ట్ ఫైళ్ళుగా పెట్టుకున్న ఒక పరిశోధక విద్యార్థిని ఉందనుకోండి. ఒక మాట ఎన్ని కీర్తనల్లో వచ్చిందో ఆ అమ్మాయికి తెలియాలి. పాతకాలంలో అయితే సంపుటాలు ముందేసుకుని ఆర్నెల్లు కూర్చోవాలి. షెల్‌లో గ్రెప్ అని కొట్టి, పక్కన ఆ తెలుగు మాట కొట్టి, ఎంటర్ నొక్కితే సెకను పని. ఆ తెలుగు మాట కొట్టే చోటే మన కథ అంతా ఉంది.

మొదలు టెలిటైప్ దగ్గర. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 అంటే తెర లేని యంత్రం. టైపు మిషను లాంటిదే, కాకపోతే తీగ చివర ఇంకో యంత్రం ఉంటుంది. సెకనుకు పది అక్షరాలు, అన్నీ పెద్దబడి ఇంగ్లీషు అక్షరాలే. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ మొదలు పెట్టినప్పుడు వాళ్ళ చేతుల కింద ఉన్నది ఇదే. కొట్టింది తప్పయితే తుడిచేదానికి తెర లేదు కదా, కాగితం మీద అచ్చు పడిపోయింది. అందుకని హ్యాష్ గుర్తు కొడితే ముందు అక్షరం లెక్కలోంచి పోయినట్టు, ఎట్ గుర్తు కొడితే లైను మొత్తం పోయినట్టు అని ఒప్పందం పెట్టుకున్నారు. ఆ రెండూ మనకు ఎంతో కొంత తెలిసిన షార్ట్‌కట్లకు తాతలు. తర్వాత వాటిని మార్చుకునే ఆజ్ఞ కూడా పెట్టారు. ఎస్‌టీటీవై అంటారు, ఇప్పటికీ ఉంది. అంటే మీట నీది, పని నువ్వు పెట్టుకో అనే ఆలోచన యూనిక్స్‌లో కొత్తగా వచ్చింది కాదు.

ఇక కంట్రోల్ మీట. దీని పని మంత్రం కాదు, తీసివేత. ఆస్కీ పట్టికలో ఇంగ్లీషు ఏ అక్షరం నంబరు 65. కంట్రోల్ పట్టుకుని ఏ నొక్కితే అందులో 64 పోయి 1 మిగులుతుంది. జీ నంబరు 71, కంట్రోల్‌తో 7. ఆస్కీలో 7 అంటే గంట. టెలిటైప్‌లో నిజంగానే ఇనుప గంట ఉండేది, టంగుమని కొట్టేది. కంట్రోల్-డి అంటే 4, పంపడం అయిపోయింది అని అర్థం. అందుకే ఈరోజుకీ కంట్రోల్-డి నొక్కితే షెల్ మూసుకుంటుంది. కంట్రోల్-ఎస్ నొక్కితే తెర బిగుసుకుపోయి, కంప్యూటర్ చెడిపోయిందని పిల్లలు కంగారు పడతా ఉంటారు చూడండి, అది కాగితం రిబ్బను చదివే యంత్రాన్ని కాసేపు ఆగమని చెప్పే సంకేతం. కంట్రోల్-క్యూ నొక్కితే మళ్ళీ నడుస్తుంది. రిబ్బనూ పోయింది, యంత్రమూ పోయింది, సంకేతం మాత్రం మిగిలింది. ఈ కాలంలో దాన్ని అట్లా ఉంచడంలో నాకైతే అర్థం కనపడదు. ఎస్‌టీటీవై ఆజ్ఞకు మైనస్ ఐఎక్స్‌ఆన్ అని చెప్తే ఆ బెడద పోతుంది. పైగా కంట్రోల్-ఎస్ ఖాళీ అయ్యి చరిత్రలో ముందుకు వెతికే పనికి వస్తుంది, అసలు బ్యాష్ దాన్ని పెట్టుకుంది ఆ పనికే.

ఇక్కడ టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పోయినవాళ్ళకు ఒక మాట. లోయర్, హయ్యర్ పరీక్షలు రాసినవాళ్ళకు ఎడమ చిటికెన వేలు ఏ మీద ఉండాలని నిద్రలో లేపి అడిగినా తెలుసు. టెలిటైప్‌లో కంట్రోల్ మీట సరిగ్గా ఆ ఏ పక్కనే ఉండేది. చిటికెన వేలు కొంచెం జరిపితే చాలు. 1986 ప్రాంతంలో ఐబీఎం 101 మీటల కీబోర్డు తెచ్చి ఆ చోట క్యాప్స్‌లాక్ పెట్టింది, కంట్రోల్‌ను కింద మూలకు తోసింది. అందరూ దాన్నే కాపీ కొట్టారు. అందుకే పాత యూనిక్స్ వాళ్ళు కొత్త కంప్యూటర్ చేతికి రాగానే చేసే మొదటి పని క్యాప్స్‌లాక్‌ను కంట్రోల్‌గా మార్చుకోవడం. చాదస్తం అనుకోకండి, వేలు నేర్చుకున్న చోటికి మీటను తెచ్చుకోవడం అది. మన డీటీపీ సెంటర్లలో ఒకాయన అను ఫాంట్లలో ఆపిల్ కీబోర్డు, పక్క సీటాయన మాడ్యులర్ కీబోర్డు పెట్టుకుని, ఒకరి సీట్లో ఒకరు కూర్చుంటే ఒక్క లైను కొట్టలేక తిప్పలు పడేది చూసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

తెర వచ్చాక కథ రెండు పాయలయింది. ఒకటి కాలిఫోర్నియాలో, ఇంకొకటి బోస్టన్ పక్కన.

కాలిఫోర్నియాలో బిల్ జాయ్ అనే విద్యార్థి 1976 ప్రాంతంలో ఏడీఎం-3ఏ అనే చవక టెర్మినల్ మీద వీఐ ఎడిటర్ రాశాడు. ఆ టెర్మినల్‌లో బాణం మీటలు వేరేగా లేవు, హెచ్, జె, కె, ఎల్ అక్షరాల మీదే బాణాలు గీసి ఉన్నాయి. వీఐలో ఎడమ, కింద, పైన, కుడి పోవడానికి ఆ నాలుగే పెట్టుకున్నాడు. ఆ కంపెనీ ఏనాడో మాయమైంది, ఆ నాలుగు మీటలు మాత్రం ఇప్పటికీ వేళ్ళ కింద ఉన్నాయి. ఇందులో నాకు సరదాగా అనిపించేది ఒకటుంది. 1986లో మన ప్రభుత్వం ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నిర్ణయించింది. అందులో ఆ నాలుగు మీటల మీద వరసగా ప, ర, క, త పడ్డాయి. తిరుపతి అనే మాటలో ఉన్న మూడు హల్లులూ వాటిలోనే ఉన్నాయి. ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్ళు ఊరిపేరు కొడితే కుడిచెయ్యి తెలియకుండానే వీఐ బాణాల మీద నడుస్తుంది. ఊరికే చెప్తున్నా, దీని వెనక కుట్ర ఏమీ లేదు.

బోస్టన్ పక్కన ఎంఐటీలో 1976లోనే రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ ఈమాక్స్ కట్టారు. లైను మొదటికి పోవడానికి కంట్రోల్-ఏ, చివరికి కంట్రోల్-ఈ లాంటివి మనకు అక్కడి నుంచి వచ్చినవే. కానీ ఒక చిక్కు. కంట్రోల్‌తో వచ్చే సంకేతాలు మొత్తం 32. వాటిలో ట్యాబ్, ఎంటర్, ఎస్కేప్ పోతే ఇంకా తక్కువ. చెయ్యాల్సిన పనులు వందలు. అందుకని వాళ్ళ దగ్గర కీబోర్డుకు ఇంకొక మీట ఉండేది, దాని పేరు మెటా.

మెటా చేసే పని ఏమంటే, ఆస్కీ అక్షరానికి ఏడు బిట్లు చాలు. యంత్రాలు చూస్తే ఎనిమిదేసి బిట్లుగా పంపుతాయి. ఎనిమిదో బిట్టు ఖాళీగా పడి ఉంది. మెటా పట్టుకుని అక్షరం నొక్కితే ఆ ఎనిమిదో బిట్టు వెలుగుతుంది, అంటే నంబరుకు 128 కలుస్తుంది. కంట్రోల్ తీసివేత అయితే మెటా కూడిక. ఈ ఊహ మొదట నిక్లాస్ విర్త్‌కు వచ్చిందని చెప్తారు. తర్వాత పాస్కల్ భాష చేసిన ఆయనే. 1964-65లో స్టాన్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు ఎనిమిదో బిట్టును వెలిగించే మీట ఒకటి ఉంటే బాగుంటుందన్నాడట. ఆయన ముద్దుపేరు బకీ. అందుకే ఆ బిట్లకు బకీ బిట్లు అని పేరు పడింది.

ఎవరూ వాడని బిట్టు కదా, వాడుకుంటే తప్పేముంది? ఇంగ్లీషు మాత్రమే రాసేవాళ్ళకు తప్పేమీ లేదు. మన చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ఈ ఎడిటర్ల అలవాట్లు షెల్‌లోకి ఎట్లా వచ్చాయో కూడా చెప్పాలి. 1983లో డేవిడ్ కార్న్ తన కార్న్ షెల్‌ను లోకానికి చూపించాడు. అందులో కొట్టే లైనును వీఐ పద్ధతిలో అయినా దిద్దుకోవచ్చు, ఈమాక్స్ పద్ధతిలో అయినా దిద్దుకోవచ్చు. కానీ అది ఏటీ అండ్ టీ సొత్తు. 1988లో బ్రయన్ ఫాక్స్, స్టాల్‌మన్ పెట్టిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కోసం బ్యాష్ రాయడం మొదలు పెట్టాడు, 1989లో బయటికి వచ్చింది. లైను దిద్దే భాగాన్ని రీడ్‌లైన్ అనే పేరుతో వేరే లైబ్రరీగా కట్టారు. తర్వాత ఆ రెండింటి బాధ్యత చెట్ రేమీ అనే ఆయన తలకెత్తుకున్నాడు. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ ఉద్యోగి. ముప్ఫై ఏళ్ళు దాటింది, ఇంకా ఆయనే చూసుకుంటా ఉన్నాడు. ప్రపంచంలో ఎంతమంది వేళ్ళు ఆయన రాసిన లైన్ల మీద నడుస్తాయో లెక్క కట్టలేం.

రీడ్‌లైన్‌ను వేరే పెట్టడం చాలా తెలివైన పని అని నా అభిప్రాయం. ఇంట్లో డాట్ ఇన్‌పుట్‌ఆర్‌సీ అనే ఒక చిన్న ఫైలు పెట్టుకుంటే, అందులో రాసుకున్న మీటలు బ్యాష్‌లోనే కాదు, రీడ్‌లైన్ వాడే ప్రతి ప్రోగ్రాములోనూ పని చేస్తాయి. 1990లో ప్రిన్స్‌టన్‌లో పాల్ ఫాల్స్టాడ్ రాసిన జెడ్‌షెల్ మాత్రం తన ఎడిటర్ తనే కట్టుకుంది. అక్కడ బైండ్‌కీ అనే ఆజ్ఞతో మార్చుకోవాలి, ఈ ఫైలును అది చూడదు. మ్యాక్ వాడేవాళ్ళు గుర్తు పెట్టుకోండి, 2019 నుంచి అక్కడ ముందే ఉండేది జెడ్‌షెల్.

ఇప్పుడు మన అక్షరం దగ్గరికి వద్దాం. 1980లలో మన దేశంలో ఇస్కీ అనే పద్ధతి తయారయింది, 1991లో భారతీయ ప్రమాణం అయింది. ఇంగ్లీషుకు 0 నుంచి 127 దాకా వదిలేసి, భారతీయ అక్షరాలను 160 పైన పెట్టారు. అంటే ఏమి? ప్రతి తెలుగు అక్షరానికీ ఎనిమిదో బిట్టు వెలిగి ఉండాలి. అదే 1991లో వచ్చిన యూనికోడ్ ఇస్కీ వరసనే అనుసరించింది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కలిసి యూటీఎఫ్-8 చేశారు. టెలిటైప్ మీద యూనిక్స్ మొదలుపెట్టిన ఆ థాంప్సనే. అందులో తెలుగు అక్షరం ఒక్కొక్కటి మూడు బైట్లు. మూడింటిలోనూ ఎనిమిదో బిట్టు వెలిగే ఉంటుంది. ఖాళీ స్థలం అనుకుని మెటా గుడిసె వేసుకున్న చోటే మన ఇల్లు పడిందన్నమాట.

కొంచెం లెక్క వేద్దాం, ఓపిక పట్టండి. త అనే అక్షరం యూటీఎఫ్-8లో 224, 176, 164. రీడ్‌లైన్‌కు కన్వర్ట్-మెటా అని ఒక అమరిక ఉంది. అది ఆన్‌లో ఉంటే 127 దాటిన ఏ నంబరు వచ్చినా, ఇది అక్షరం కాదు, ఎవరో మెటా పట్టుకుని నొక్కారు అని అనుకుంటుంది. 128 తీసేసి చూస్తుంది. 224 లోంచి 128 పోతే 96, అది ఇంగ్లీషు వెనక కామా. మెటాతో దానికి మామూలుగా ఏ పనీ కట్టి లేదు. 176 లోంచి పోతే 48, అంటే సున్న అంకె. మెటా-సున్న అంటే, రాబోయే ఆజ్ఞను ఇన్ని సార్లు చెయ్యి అని చెప్పే అంకె. 164 లోంచి పోతే 36, డాలర్ గుర్తు. మెటా-డాలర్ అంటే బ్యాష్‌లో వేరియబుల్ పేరు పూర్తి చెయ్యమని. మీరు కొట్టింది త. షెల్‌కు వినపడింది మూడు ఆజ్ఞలు.

దాని మీద గుడి పెట్టండి. గుడి మూడో బైటు 191, తీసేస్తే 63, ప్రశ్నార్థకం. మెటా-ప్రశ్నార్థకం అంటే ఇక్కడ పూర్తి చెయ్యడానికి వీలున్న పేర్లన్నీ చూపించు అని. ర మూడో బైటు మళ్ళీ మెటా-సున్న. ప మూడో బైటు 170, తీసేస్తే 42, నక్షత్రం. మెటా-నక్షత్రం అంటే వీలున్న పేర్లన్నీ తెచ్చి లైనులో పొయ్యి అని. తిరుపతి అనే మాటలో యూనికోడ్ లెక్కన ఏడు సంకేతాలు, ఇరవై ఒక్క బైట్లు. మన అమ్మాయి ఊరిపేరు కొడితే, షెల్ దాన్ని ఇరవై ఒక్క షార్ట్‌కట్లుగా వింటుంది. తెర మీద తిరుపతి రాదు, ఆ ఫోల్డర్‌లోని ఫైళ్ళ పేర్లు వచ్చి పడినా ఆశ్చర్యం లేదు. చూసేవాళ్ళు ఏమనుకుంటారు? కంప్యూటర్‌కు తెలుగు రాదు అనుకుంటారు. తెలుగు రాక కాదు. ప్రతి అక్షరానికీ అది వేరే అర్థం చెప్పుకుంటా ఉంది.

ఇది మనకు ఒక్కరికే తగిలిన దెబ్బ కాదు. యూరప్ వాళ్ళకు ముందే తగిలింది. ఫ్రెంచి వాళ్ళ గీత పెట్టిన ఈ అక్షరం పాత ఎనిమిది బిట్ల పట్టికలో 233, అంటే మెటా-ఐ. ఆ బాధ ఉంది కాబట్టే కన్వర్ట్-మెటాను ఆపేసుకునే వీలు రీడ్‌లైన్‌లో పెట్టారు. కానీ వాళ్ళది ఒక అక్షరానికి ఒక బైటు, తుడిస్తే ఒక బైటు పోతే సరిపోయింది. మనకు మూడు. అమరిక మార్చుకున్నా, తుడుపు మీట ఒకసారి నొక్కితే మూడో వంతు అక్షరం పోయి మిగతా రెండు బైట్లు చెత్తగా మిగిలే రోజులు అవి.

2002 జులైలో రీడ్‌లైన్ 4.3, దానితోపాటు బ్యాష్ 2.05బి వచ్చాయి. బహుళ బైట్ల అక్షరాలను ఒక అక్షరంగా చూడడం అప్పుడు వచ్చింది. అదే ఏడాది మన చిత్తూరు జిల్లా కొసన, కర్ణాటక, తమిళనాడు తగిలే కుప్పంలో హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఐ-కమ్యూనిటీ అని మొదలు పెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టారు, పొదుపు సంఘాల ఆడవాళ్ళకు డిజిటల్ కెమెరాలు, ప్రింటర్లు ఇచ్చి ఫోటోలు తీసే పని నేర్పించారు. ఆ రోజుల్లో పత్రికలన్నీ కుప్పం గురించి రాశాయి. ఒక షెల్‌కు తెలుగు అక్షరం అక్షరంగా కనపడడం మొదలైంది అని రాసినవాళ్ళు ఎవరూ నా కంట పడలేదు. నన్నడిగితే తెలుగులో పని చేసేవాళ్ళకు రెండోది చిన్న వార్త కాదు. కెమెరాలు పాతబడతాయి, ఇది ఈరోజుకీ పని చేస్తా ఉంది.

ఇక మార్చుకునే సంగతి. ఇప్పుడు రీడ్‌లైన్ మీ భాష అమరికను చూసి, అది యూటీఎఫ్-8 అయితే కన్వర్ట్-మెటాను తనే ఆపేస్తుంది. అందుకే మీ లాప్‌టాప్‌లో ఈ గోల కనపడదు. కానీ దూరంగా ఉన్న సర్వర్‌లోకో, కంటైనర్‌లోకో దూరితే అక్కడ భాష అమరిక ఖాళీగా ఉండడం మామూలే. అక్కడ 2002కు ముందు రోజులు మళ్ళీ మొదలు. ముందు ఆ యంత్రం భాష అమరికను యూటీఎఫ్-8 చెయ్యండి, అసలు మందు అది. దానితోపాటు డాట్ ఇన్‌పుట్‌ఆర్‌సీ ఫైలులో మూడు లైన్లు పెట్టుకోండి. సెట్ ఇన్‌పుట్-మెటా ఆన్, సెట్ అవుట్‌పుట్-మెటా ఆన్, సెట్ కన్వర్ట్-మెటా ఆఫ్. తెర మీద చూపిస్తున్నా, అట్లానే చిన్నబడి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. రెండోది లేకపోతే త కనపడాల్సిన చోట వాలుగీతలతో 340, 260, 244 అని అంకెలు వస్తాయి. అవి మన 224, 176, 164నే, ఎనిమిది గుణిజాల లెక్కలో రాసినవి.

మరి మెటా షార్ట్‌కట్లు పోతాయా అంటే పోవు. ఆల్ట్ పట్టుకుని నొక్కితే ఇప్పటి టెర్మినళ్ళు ఎనిమిదో బిట్టును ముట్టుకోకుండా, ముందు ఎస్కేప్ పంపి తర్వాత అక్షరం పంపుతాయి. ఆల్ట్ లేకపోతే ఎస్కేప్ నొక్కి వదిలి అక్షరం నొక్కినా అంతే.

ఇంకొక్క లైను మాత్రం తప్పక పెట్టుకోండి. పైబాణానికి హిస్టరీ-సెర్చ్-బ్యాక్‌వర్డ్ అనే పని కట్టండి. గ్రెప్ అని కొట్టి పైబాణం నొక్కితే, గ్రెప్‌తో మొదలైన పాత లైన్లు మాత్రమే వస్తాయి. వంద తెలుగు మాటలు వెతికే అమ్మాయికి ఇది రోజూ అరగంట మిగుల్చుతుంది. అంతకు మించి యాభై మీటలు మార్చుకోవద్దని నా సలహా. ఇంకొకరి యంత్రం ముందు కూర్చున్నప్పుడు వేళ్ళు తడబడతాయి. ఏ మీటకు ఏ పని ఉందో చూసుకోవాలంటే బైండ్ ఆజ్ఞకు మైనస్ పీ అని చెప్పండి, చాంతాడంత జాబితా వస్తుంది.

ఒకటి మిగిలింది. తుడుపు మీట. కి కొట్టి ఒకసారి తుడవండి, మొత్తం పోతుంది. కు కొట్టి తుడవండి, కొమ్ము పోయి క మిగులుతుంది. యూనికోడ్‌లో గుడి, ఎత్వం, పొల్లు లాంటివి వెడల్పు లేని గుర్తులని రాసుకున్నారు, కొమ్ము మాత్రం చోటు తీసుకునే గుర్తు అని రాసుకున్నారు. రీడ్‌లైన్ తుడిచేటప్పుడు ఆ వెడల్పునే చూస్తుంది. అక్షరం పైన కూర్చున్నదానికి ఒక న్యాయం, పక్కన దిగినదానికి ఒక న్యాయం. పరీక్షించి చూడాలంటే ఫైలు దాచి, కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-ఆర్ నొక్కండి, షెల్ మూసి తెరవకుండానే కొత్త అమరికలు చదువుకుంటుంది. తర్వాత తిరుపతి అని కొట్టి, తుడుపు మీట ఒక్కొక్కసారే నొక్కుతూ లెక్కపెట్టండి. రాసింది ఏడు సంకేతాలు. నాకు అయిదు నొక్కుల్లో పోయింది. మీకు ఎన్ని పట్టాయో, ఏ టెర్మినల్‌లోనో కింద రాయండి.